ఉండుండి కరెంటు పోయే పాత బండి: లోపాన్ని వెదికే పద్ధతి

ఒకరు వాడి అమ్మిన మోటారు సైకిలు కొన్నవారికి ఎదురయ్యే ఇబ్బందులన్నింటిలోనూ ఎక్కువగా విసిగించేది ఉండుండి కరెంటు పోవడం. బండి చక్కగా నడుస్తూ ఉంటుంది. ఏదో ఒక గతుకు దగ్గర, లేదా హ్యాండిల్ తిప్పినప్పుడు, లేదా కారణమేమీ కనబడకుండానే మీటరు దీపాలు ఆరిపోయి ఇంజను ఆగిపోతుంది. పక్కకు తీసి తాళం ఒకసారి తిప్పి చూస్తే అంతా మామూలే. మెకానిక్ ముందు నిలబెట్టిన బండికి ఏ రోగమూ ఉండదు కనుక ఒకరు బ్యాటరీ మార్చమంటారు, మరొకరు చార్జింగ్ ఓల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మార్చమంటారు, ఇంకొకరు వైరింగ్ మొత్తం కొత్తది వేయమంటారు. నేను కొన్న పాత బండితో కొంతకాలం ఈ తిప్పలన్నీ పడ్డాను. ఆ వెదుకులాటలో నాకు బలపడిన అభిప్రాయం ఏమిటంటే, ఇటువంటి లోపం సామాను మార్చుకుంటూ పోతే దొరకదు. కరెంటు పోయిన ఆ క్షణంలో ఏవేవి పోయాయో, ఏవి మిగిలాయో గమనించడం సగం పని. దీపాలు వెలుగుతుండగా ఒక్కొక్క అతుకు దగ్గర ఎంత ఓల్టేజీ పోతోందో కొలవడం మిగిలిన సగం.

బండిలో కరెంటు నడిచే దారి తెలియకుండా వెదకడం మొదలుపెట్టకూడదు. చాలా బండ్లలో ఆ దారి ఇంచుమించు ఒకేలా ఉంటుంది. బ్యాటరీ పాజిటివ్ నుంచి లావుపాటి తీగ, స్టార్టర్ మోటారుకు కరెంటును కలిపే స్విచ్ అయిన స్టార్టర్ రిలేకు వెళుతుంది. ఆ రిలేకు ఆనుకునో, దాని దగ్గరలోనో మెయిన్ ఫ్యూజ్ ఉంటుంది; దాని విలువ చాలా బండ్లలో 20 లేదా 30 ఆంపియర్లు. మెయిన్ ఫ్యూజ్ దాటిన తీగ ట్యాంకు కింది నుంచి ముందుకు సాగి తాళం స్విచ్‌కు చేరుతుంది. తాళం తిప్పగానే ఆ కరెంటు మరో తీగలో వెనక్కి వచ్చి, చిన్న ఫ్యూజుల గుండా హెడ్‌లైటుకు ఒక పాయగా, ఇండికేటర్లకూ హారన్‌కూ బ్రేక్ లైటుకూ ఒక పాయగా, ఇంజనుకు మరొక పాయగా చీలుతుంది. ఇంజను పాయలో ఇంజనును ఆపడానికి హ్యాండిల్ మీద ఉండే కిల్ స్విచ్ తగులుతుంది. ఇలా వెళ్ళిన కరెంటు అంతా ఎర్త్ తీగల మీదుగా, ఫ్రేము మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి రావాలి. ఎగువ తూము మూసుకుంటే ఆయకట్టంతా ఎండిపోయి, పిల్ల కాలువ పూడితే ఒక్క మడి మాత్రమే ఎండినట్టు, ఏ మేరకు ఆగిందన్నదాన్ని బట్టి లోపం ఎంత ఎగువన ఉందో తెలుస్తుంది.

దీపాలు, హారన్, మీటరు, ఇంజను అన్నీ ఒకేసారి పోతే, లోపం పాయలు చీలే చోటుకు ఎగువన ఉన్నట్టు: బ్యాటరీ, దాని టెర్మినళ్ళు, మెయిన్ ఫ్యూజ్, తాళం స్విచ్, ప్రధాన ఎర్త్ తీగ. హెడ్‌లైటు వెలుగుతూనే ఇంజను మాత్రం ఆగితే ఈ జాబితాను పక్కన పెట్టి ఇంజను పాయను చూడాలి. ఈ విభజన చేయకుండా ఖర్చు పెట్టే ప్రతి రూపాయీ జూదమే.

డిజిటల్ మీటరు ఉన్న బండ్లలో ఇంకొక మంచి సాక్షి గడియారం. చాలా బండ్లలో గడియారానికి కరెంటు తాళం స్విచ్‌తో నిమిత్తం లేకుండా అందుతుంది. తాళం తీసేసిన తరువాత కూడా సమయం నిలిచి ఉండటానికి కారణం అదే. కరెంటు పోయి వచ్చాక గడియారం మొదటికి వచ్చి ఉంటే, తెగిన చోటు తాళం స్విచ్ కన్నా ముందే ఉన్నట్టు. సమయం చెక్కుచెదరకుండా ఉంటే తాళం స్విచ్‌నో, దాని తీగలను కలిపే ప్లాస్టిక్ కప్లర్‌నో అనుమానించాలి. అయితే రెప్పపాటు తెగుదల గడియారాన్ని చెరపకపోవచ్చు కనుక ఈ రెండో సాక్ష్యం మొదటిదంత గట్టిది కాదు.

నా బండిలో గడియారం ప్రతిసారీ మొదటికి వచ్చేది. దానితో పాటు మరొక విషయం గమనించాను. వేగంగా వెళుతున్నప్పుడు కరెంటు దాదాపుగా పోయేది కాదు. వేగం తగ్గించి, ఇంజను నెమ్మదించి, బ్రేకు నొక్కి ఆగబోతున్నప్పుడే పోయేది. దీనికి కారణం ఆలోచిస్తే ఆసక్తికరంగా ఉంటుంది. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు హెడ్‌లైటుకూ ఇగ్నిషన్‌కూ కావలసిన కరెంటును చార్జింగ్ వ్యవస్థే ఇస్తుంది. ఇంజను నెమ్మదించగానే ఆ ఉత్పత్తి పడిపోతుంది, బ్రేక్ లైటు వెలగడంతో ఖర్చు పెరుగుతుంది, లోటును పూడ్చవలసిన భారం బ్యాటరీ మీద పడుతుంది. ఆ సమయంలోనే అన్నీ ఆరిపోతున్నాయంటే, చార్జింగ్ తీగ వచ్చి కలిసే చోటుకూ బ్యాటరీకీ మధ్యనే ఎక్కడో దారి పలచబడి ఉండాలి. వెదకవలసిన చోటు ఈ విధంగా బండి మొత్తం నుంచి సీటు కింద జానెడు మేరకు కుదించుకుపోయింది.

మొదట బ్యాటరీ. 12 ఓల్టుల లెడ్ ఆసిడ్ బ్యాటరీ పూర్తిగా చార్జ్ అయి కొన్ని గంటలు ఊరకే ఉన్న తరువాత 12.6 నుంచి 12.8 ఓల్టుల వరకు చూపాలి, 12.4 అంటే సుమారు ముప్పాతిక చార్జ్, 12.0 దగ్గరకు వచ్చిందంటే దాదాపు ఖాళీ. ఈ కొలత ఒక్కటే సరిపోదు. సెల్ఫ్ నొక్కి స్టార్టర్ మోటారు ఇంజనును తిప్పుతుండగా బ్యాటరీ టెర్మినళ్ళ దగ్గరే కొలిచి, ఓల్టేజీ 10 కన్నా బాగా దిగువకు పడిపోతోందేమో చూడాలి. బ్యాటరీ లోపల ఒక సెల్లుకూ మరొక సెల్లుకూ మధ్య ఉన్న బంధం చిట్లినా ఉండుండి కరెంటు పోతుంది. ఊరకే ఉన్నప్పుడు 12.7 చూపించిన బ్యాటరీ సెల్ఫ్ నొక్కగానే రెండు మూడు ఓల్టులకు కూలిపోయి, వదిలేయగానే మళ్ళీ 12 దాటితే, ఆ కొలత టెర్మినళ్ళ మీదే తీసినదైతే, ఆ బ్యాటరీని మార్చక తప్పదు.

టెర్మినల్ బోల్టుల విషయం చిన్నదిగా కనబడుతుంది కానీ కాదు. మోటారు సైకిలు బ్యాటరీలో చిన్న చదరపు నట్టు ఒక గూటిలో కూర్చుని ఉంటుంది. పాత యజమాని తన దగ్గర దొరికిన ఏదో బోల్టు వేసి ఉంటే, అది కాస్త పొడుగైనదైతే, గూటి అడుగుకు తగిలి ఆగిపోతుంది. స్క్రూడ్రైవర్‌కు గట్టిగా బిగిసినట్టే అనిపిస్తుంది. తీగ చివరి రింగును వేలితో పట్టుకుని కదిపితే మాత్రం అటూ ఇటూ ఆడుతుంది. కాబట్టి బిగువును బోల్టు తల మీద కాక రింగు మీద పరీక్షించాలి. నెగటివ్ వైపు కూడా అంతే. అక్కడి నుంచి బయలుదేరిన లావు తీగ ఇంజనుకో ఫ్రేముకో బిగించి ఉన్న చోట రంగు, తుప్పు, మట్టి గీకి శుభ్రం చేసి మళ్ళీ బిగించడానికి అయ్యే శ్రమ చాలా తక్కువ.

ఇక అసలు పరీక్ష. లూజ్ కాంటాక్ట్‌ను పట్టుకోవడానికి చాలామంది మల్టీమీటరును ఓముల మీద పెట్టి తీగ రెండు కొసలకూ తాకిస్తారు. అది బీప్ మంటే తీగ బాగుందని వదిలేస్తారు. మీటరు ఈ పరీక్షకు పంపే కరెంటు అత్యల్పం. తీగలోని పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలి ఉన్నా అది హాయిగా బీప్ అంటుంది. హెడ్‌లైటుకు కావలసిన నాలుగైదు ఆంపియర్లు ఆ ఒక్క పోగు మీద నడవవు. తాళం ఆన్ చేసి దీపాలేమీ వెలిగించకుండా ఓల్టేజీ కొలిచినా ఇదే మోసం ఎదురవుతుంది. మీటరు దాదాపుగా కరెంటు తీసుకోదు కనుక, చిలుము పట్టిన అతుకు దాటిన తరువాత కూడా పూర్తి 12 ఓల్టులు చూపిస్తుంది. పరీక్షకు మీటరు బదులు 21 వాట్ల బ్రేక్ లైటు బల్బుకు రెండు తీగలు కట్టి వాడితే అది సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది; అనుమానమున్న చోట అది మసకగా వెలిగితే సంగతి తేలిపోతుంది.

అన్నిటికన్నా నమ్మదగినది ఓల్టేజీ తరుగుదల కొలత. మీటరును 20 ఓల్టుల డీసీ మీద పెట్టి, హెడ్‌లైటు వెలిగించి, బ్రేకు నొక్కి ఉంచి, అనుమానమున్న అతుకుకు ఒకవైపు ఎర్ర ముల్లు, రెండో వైపు నల్ల ముల్లు తాకించాలి. బాగున్న అతుకు మీద 0.1 ఓల్టు కూడా పోకూడదు. బ్యాటరీ నుంచి హెడ్‌లైటు దాకా ఉన్న పాజిటివ్ దారి అంతా కలిపి సుమారు అర ఓల్టుకు మించి పోతే ఎక్కడో తినేస్తున్నదని అర్థం. లెక్క చూస్తే దీని తీవ్రత బోధపడుతుంది: ఒక అతుకులో 0.1 ఓము నిరోధం చేరిందనుకుంటే, 10 ఆంపియర్లు నడిచేటప్పుడు అక్కడ 1 ఓల్టు పోతుంది, 10 వాట్ల వేడి పుడుతుంది. గోరంత చోట అంత వేడి పుడితే లోహం స్ప్రింగు గుణం పోగొట్టుకుని వదులవుతుంది, వదులైన కొద్దీ నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగిన కొద్దీ వేడి పెరుగుతుంది. మొదట్లో ఎప్పుడో ఒకసారి వచ్చిన లోపం రాను రాను తరచుగా రావడానికి కారణం ఇదే.

నేను బ్యాటరీ పాజిటివ్ బోల్టు మీద ఒక ముల్లు, మెయిన్ ఫ్యూజ్ అవతలి తీగ మీద రెండోది ఉంచి దీపాలు వెలిగించినప్పుడు మీటరు 0.2 దగ్గర నిలిచింది. అప్పటికే అది కాస్త ఎక్కువ. ఫ్యూజ్ గూటికి వెళ్ళే ఎర్ర తీగను వేలితో కొద్దిగా పక్కకు నొక్కగానే అంకె 0.9 కు ఎగబాకింది, హెడ్‌లైటు వెలుగు కంటికి తెలిసేటంతగా తగ్గింది. వదలగానే రెండూ వెనక్కి వచ్చాయి. తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ విప్పి, ఫ్యూజును బయటకు లాగితే అది ఏ పట్టూ లేకుండా జారి చేతిలోకి వచ్చింది. ఫ్యూజ్ లోపలి తీగ చెక్కుచెదరలేదు. దాని రెండు కాళ్ళలో ఒకటి మెరుస్తూ ఉంది, రెండోది నీలం, గోధుమ రంగులు కలిసిన మచ్చలతో ఉంది. గూటిలో ఆ కాలు కూర్చునే వైపు తెల్ల ప్లాస్టిక్ పసుపు దాటి గోధుమ రంగుకు తిరిగి, అంచు దగ్గర కొంచెం కుంగి ఉంది. లోపలి ఇత్తడి దవడలు రెండూ విచ్చుకుని, మధ్య సందు ఫ్యూజ్ కాలి మందం కన్నా స్పష్టంగా ఎక్కువగా కనబడింది. ఫ్యూజును తీసి చూసి, బాగుందని తిరిగి పెట్టేసేవారికి ఇది ఎన్నటికీ దొరకదు, ఎందుకంటే లోపం ఫ్యూజులో లేదు, దాన్ని పట్టుకున్న చోట ఉంది.

ఆ దవడలను ముక్కు పటకారుతో దగ్గరికి నొక్కితే ఆ రోజుకు బండి నడుస్తుంది. వేడికి బిగువు పోయిన ఇత్తడి మళ్ళీ విచ్చుకుంటుంది కనుక దాన్ని మరమ్మతుగా లెక్కించకూడదు. తగిన కొలత గల కొత్త టెర్మినల్‌ను, నల్లబడని తీగ కనబడే వరకు పాత తీగను కత్తిరించి, సరైన క్రింపింగ్ పటకారుతో నొక్కి, కొత్త గూటిలో పెట్టడమే పద్ధతి. ఇంజను వణుకు తగిలే చోట్ల సోల్డరింగ్ కన్నా మంచి క్రింపింగే నాకు నచ్చుతుంది. సోల్డర్ పీల్చుకున్న తీగ ఆ మేరకు బిరుసెక్కి, బిరుసు ఆగిన చోట వంగి వంగి విరుగుతుంది. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని ఎక్కువ విలువ గలది వేయడం మాత్రం ఎవరు చెప్పినా వినకూడదు; అప్పుడు ఫ్యూజ్ బదులు తీగ కాలుతుంది.

లోపం అందరికీ ఇక్కడే ఉంటుందని కాదు. హ్యాండిల్ తిప్పినప్పుడు మాత్రమే కరెంటు పోతుంటే, ఫ్రేము మెడ దగ్గర హ్యాండిల్‌తో పాటు వంగే తీగల కట్టను చూడాలి. అక్కడ తొక్క బాగానే ఉండి లోపలి రాగి పోగులు మాత్రం విరిగి ఉండటం పాత బండ్లలో తరచుగా కనబడుతుంది. అటువంటి తీగను రెండు చేతుల మధ్య పట్టుకుని మెల్లగా లాగితే, బాగున్న తీగ సాగదు, విరిగిన చోట తొక్క రబ్బరులా సాగి సన్నబడుతుంది. ఇంజను నడిపిస్తూ కట్టలను ఒక్కొక్కటిగా వేళ్ళతో కదుపుతూ పోవడం పాత పద్ధతే అయినా దానికి సాటి లేదు. కానీ ఒకేసారి రెండు చోట్ల కదపకూడదు, లేకపోతే ఏది స్పందించిందో తెలియదు. మల్టీమీటరులో కనిష్ఠ, గరిష్ఠ విలువలను గుర్తుపెట్టుకునే సదుపాయం ఉంటే, కంటికి అందనంత త్వరగా వచ్చిపోయే తరుగుదలను కూడా అది పట్టి ఉంచుతుంది.

తాళం స్విచ్ విషయానికి వస్తే, తాళం చెవికి బరువైన గుత్తి తగిలించి ఏళ్ళ తరబడి నడిపిన బండ్లలో లోపలి రాగి పలకలు అరిగి ఉంటాయి. దీపాలు వెలిగించి ఉంచి చెవిని ఆన్ స్థానంలోనే అటూ ఇటూ కొద్దిగా కదిపితే వెలుగు మిణుకుమంటుందేమో చూడటం క్షణం పని.

ఇంజను ఒక్కటే ఆగి దీపాలు వెలుగుతుంటే, ముందుగా కిల్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్, ఉంటే క్లచ్ స్విచ్, బండి పడిపోతే ఇంజనును ఆపే సెన్సర్. సైడ్ స్టాండ్ స్విచ్ నేలకు దగ్గరగా బురదలో బతుకుతుంది కనుక నేను దాన్ని అందరికన్నా ముందు అనుమానిస్తాను. బండి వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్ళీ నడిస్తే స్పార్క్ ఎప్పుడు రావాలో సూచించే పికప్ కాయిల్, స్పార్క్‌కు కావలసిన ఓల్టేజీని పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ అనుమానితులు. వాటిని చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే నిర్దోషులుగానే తేలుతాయి, ఆగిన వెంటనే వేడి మీదే కొలవాలి. ఇక్కడ ఒక మాట. ట్యాంకు మూత గాలి రంధ్రం పూడుకుపోయినా బండి కొంత దూరం నడిచి ఆగి, కాసేపటికి మళ్ళీ స్టార్ట్ అవుతుంది. అయితే పెట్రోలు అందక ఆగే ఇంజను తడబడుతూ ఆగుతుంది, స్పార్క్ పోయి ఆగేది కత్తితో కోసినట్టు ఆగుతుంది. ఆగినప్పుడు మూత తెరిస్తే గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, ఆ వెంటనే బండి నడిస్తే, వైరింగ్ జోలికి పోనక్కరలేదు.

పాత బండిలో కంపెనీ వేసిన వైరింగ్ కన్నా తరువాతి చేతులు వేసిన వైరింగే ఎక్కువ ప్రమాదకరం. దొంగ అలారం, అదనపు దీపాలు, పెద్ద హారన్, ఫోన్ చార్జర్, వీటిలో ఏది కనబడినా దాని తీగ ఎక్కడ కలిపారో చివరిదాకా వెంబడించి చూడాలి. ఇంజనును ఆపగల అలారం ఉంటే దాని తీగలు ఇగ్నిషన్ దారిని మధ్యలో తెంచి కలిపి ఉంటాయి. ఆ అతుకు మెలిపెట్టి నల్ల టేపు చుట్టినదైతే ఇక వేరే చోట వెదకనక్కరలేదు. తీగ తొక్క మీదే కొరికి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు కూడా అంతే చెడ్డవి. కొన్ని పోగులను తెంచుతాయి, లోపలికి నీరు చేరనిచ్చి పచ్చటి చిలుము పట్టిస్తాయి. 55 వాట్ల దీపాలు రెండు తగిలిస్తే 9 ఆంపియర్ల పైచిలుకు లాగుతాయి. వాటిని నేరుగా తాళం స్విచ్ తీగకు కలిపి ఉంటే ఆ స్విచ్, దాని కప్లర్, మెయిన్ ఫ్యూజ్ గూడు అన్నీ కలిసి వేడెక్కుతాయి. నా బండిలో దాదాపుగా జరిగినది అదే. అదనపు దీపాలు నేను కొనే నాటికే తీసేశారు కానీ, వాటి తీగల మొండాలు టేపు చుట్టుకుని ట్యాంకు కింద అలాగే ఉన్నాయి. దీపాలు కావాలనుకునేవారు బ్యాటరీ నుంచి విడిగా ఫ్యూజ్, రిలే పెట్టించుకోవాలి.

లోపం దొరికిన తరువాత కూడా చార్జింగ్‌ను ఒకసారి కొలవాలి, ఎందుకంటే ఫ్యూజ్ గూడు కాలడానికి అది కూడా కారణం కావచ్చు. ఇంజనును 4000 నుంచి 5000 ఆర్పీఎం వద్ద ఉంచి బ్యాటరీ మీద కొలిస్తే చాలా బండ్లలో 13.5 నుంచి 14.8 ఓల్టుల మధ్య రావాలి. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పినట్టు. 13 కూడా రాకపోతే ఇంజనులో కరెంటు పుట్టించే స్టేటర్ నుంచి రెగ్యులేటర్‌కు వచ్చే మూడు తీగల కప్లర్‌ను ముందు విప్పి చూడాలి. చాలా బండ్లలో ఆ మూడు తీగలూ పసుపు రంగులోనే ఉంటాయి. కప్లర్‌లో ఒక గడి కాలి ఉండటం సాధారణం. అది బాగుంటే, కప్లర్ విప్పి ఇంజను నడిపిస్తూ మూడు తీగల్లో రెండేసి మధ్య ఏసీ ఓల్టేజీ కొలిచినప్పుడు మూడు కొలతలూ ఇంచుమించు సమానంగా రావాలి. ఇంజను ఆపాక వాటిలో ఏదీ ఫ్రేముతో కలిసి ఉండకూడదు. ఈ ఏసీ ఓల్టేజీ 50 దాటగలదు కనుక ముళ్ళ లోహపు కొసలకు వేళ్ళు దూరంగా ఉంచుకోవాలి.

ఉండుండి వచ్చే లోపం పోయిందని తేల్చుకోవడానికి నాలుగు రోజులు బండి ఆగకుండా నడవడం రుజువు కాదు. మరమ్మతుకు ముందు కూడా అది నాలుగు రోజులు నడిచే ఉంటుంది. మరమ్మతుకు ముందు ఏ రెండు చోట్ల, ఏ దీపాలు వెలిగించి కొలిచామో, తరువాత కూడా సరిగ్గా అక్కడే, అవే దీపాలతో కొలవాలి. కొత్త గూడు వేశాక నాకు అక్కడ 0.04 వచ్చింది, తీగను ఎటు నొక్కినా అంకె కదలలేదు. అరగంట నడిపి వచ్చి గూటి మీద వేలు పెట్టి చూస్తే చుట్టుపక్కల ప్లాస్టిక్ కన్నా వెచ్చగా లేదు. ఆ తరువాతే ట్యాంకు కింది మొండాలను ఒక్కొక్కటిగా విప్పి, అసలు తీగ దాకా తీసేసి, ఆ చోట్లను కొత్తగా క్రింప్ చేసి, వేడికి ముడుచుకునే గొట్టాన్ని తొడిగాను.